ఎవల దిక్కు నిలబడి రాసినవ్?

నోటిఫికేషన్ అన్న మాట ఇనంగనే మన పోరగాండ్లకు యాదికొచ్చేది గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్. అవార్డు అంటే యాదికొచ్చేది శాలువ, మెమెంటో, స్టేజీ మీద ఫోటో, తెల్లారి వాట్సాప్ స్టేటస్. గీ రెండు మాటలకు ఇంకో అర్థం గూడ ఉంటది. అది చెప్పేటందుకే ఈ ముచ్చట రాస్తున్న.

అమెరికాల ఒక సంఘం ఉన్నది. పేరు సొసైటీ ఫర్ ది స్టడీ ఆఫ్ సోషల్ ప్రాబ్లమ్స్. మన తీరుగ చెప్పాలంటే సమాజ సమస్యల అధ్యయన సంఘం. పొట్టి పేరు ఎస్.ఎస్.ఎస్.పి. ప్రొఫెసర్లు, పరిశోధన విద్యార్థులు, ఉద్యమాలల్ల తిరిగేటోళ్లు దాంట్ల సభ్యులు. ఏటా ఆగస్టుల ఒక పట్నంల పెద్ద సభ పెడ్తరు. సభకు నెలల ముందుగాల్నే ప్రకటనలు వస్తయి. ఫలానా అవార్డుకు పుస్తకాలు పంపుండ్రి, ఫలానా పోటీకి విద్యార్థులు వ్యాసాలు పంపుండ్రి, ఫలానా ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టుకోండ్రి అని.

ఇగ మీరు అడుగుతరు, అమెరికా ప్రొఫెసర్ల అవార్డులతోని మనకేం పని అని. పని ఉన్నది. ఒక సంఘం ఎవల్ని మెచ్చుకుంటదో చూస్తే, అది దేని కోసం పుట్టిందో సమజైతది. గా సంఘం పెట్టుకున్న కొలత తెలిస్తే మన దగ్గర ఇచ్చే శాలువలను గూడ గదే కొలతతోని కొలువొచ్చు.

1951ల ఏమైంది?

అప్పుడు అమెరికాల సమాజ శాస్త్రం సదివినోళ్లకు ఒక పెద్ద సంఘం ఉండె. అమెరికన్ సోషియలాజికల్ సొసైటీ. దాంట్ల పెద్ద పెద్ద యూనివర్సిటీలోళ్లదే నడుస్తుండె. మేం సైంటిస్టులం, మాకు పక్షం ఉండొద్దు, లెక్కలు తీసి చెప్పుడే మా పని అనే వాదం దాంట్ల బలంగ ఉండె. పేదరికం, జాతి వివక్ష, కార్మికుల కష్టం అసొంటి వాటి మీద గట్టిగ మాట్లాడితే, ఇది శాస్త్రం కాదు ఉపన్యాసం అని పక్కకు పెట్టేటోళ్లు ఉండిరి.

ఇది నచ్చనోళ్లల్ల ఒక ఆలుమొగల జంట ఉన్నది. ఎలిజబెత్ బ్రయంట్ లీ, ఆల్ఫ్రెడ్ మెక్లంగ్ లీ. ఇద్దరూ సమాజ శాస్త్రవేత్తలే. వీళ్లు ఇంకొందరితోని కలిసి 1951ల ఎస్.ఎస్.ఎస్.పి. పెట్టిన్రు. మొదటి అధ్యక్షుడు షికాగో యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎర్నెస్ట్ బర్జెస్. 1953 నుంచి 'సోషల్ ప్రాబ్లమ్స్' అనే పత్రిక తెస్తున్నరు, ఇయ్యాల్టికీ నడుస్తున్నది.

ఈ లీ దంపతులు అంతకుముందే 1939ల ఒక పుస్తకం తెచ్చిన్రు. ఫాదర్ కాఫ్లిన్ అనే ఒక మతగురువు రేడియోల మాట్లాడి లక్షల మందిల ద్వేషం నింపుతుంటే, ఆయన ఉపన్యాసాలను ముక్కలు ముక్కలు చేసి చూపించిన్రు. ఎదుటోనికి చెడ్డ పేరు తగిలించుడు, ఎవలూ కాదనలేని పెద్ద మాటలు వాడుడు, అందరూ ఇటే వస్తున్నరు నువ్వూ రా అనుడు, గిట్ల ఏడు ఉపాయాలు విడగొట్టి చెప్పిన్రు. మన వాట్సాప్ గ్రూపులల్ల తిరిగే ఫార్వర్డులను ముందలేసుకొని చూడుండ్రి. ఎనభై ఏండ్లు దాటినా ఉపాయాలు గవే.

గా 1951 మనకు గూడ మామూలు సంవత్సరం కాదు. ఏప్రిల్ల పోచంపల్లిల వినోబా భావే ముందల భూదానం మొదలైంది. అక్టోబర్ల తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించిన్రు. డిసెంబర్ల బొంబాయిల జి.ఎస్. ఘుర్యే ముందలుండి ఇండియన్ సోషియలాజికల్ సొసైటీ పెట్టిన్రు. 1951-52లనే ఉస్మానియా యూనివర్సిటీ దిక్కెల్లి ఎస్.సి. దూబే బృందం మన శామీర్‌పేటకు వచ్చి ఊరిని అధ్యయనం చేసింది. కులాలు, పండుగలు, ఎవుసం, ఇండ్లల్ల పద్ధతులు అన్ని రాసి, 1955ల 'ఇండియన్ విలేజ్' అని ఇంగ్లీషుల పుస్తకం వేసిన్రు. ప్రపంచమంత మన ఊరు గురించి సదివింది. మన ఊరు పరిశోధనకు కొత్తది కాదు అని చెప్పేటందుకే ఇది యాది చేస్తున్న.

నీ కర్మనా, అందరి సమస్యనా?

ఈ సంఘం ఇచ్చే అవార్డులల్ల పేరున్నది సి. రైట్ మిల్స్ అవార్డు. 1964 నుంచి ఏటా ఒక పుస్తకానికి ఇస్తున్నరు. మిల్స్ 1916ల టెక్సాస్‌ల పుట్టిండు. న్యూయార్క్‌ల కొలంబియా యూనివర్సిటీల పాఠం చెప్పేటోడు. సూటుబూటు ప్రొఫెసర్ కాదు, మోటార్ సైకిల్ మీద తిరిగేటోడు. దేశాన్ని నడిపేది ఓట్లేసిన జనం కాదు, పెద్ద కంపెనీలు, మిలిటరీ, సర్కారు పైమెట్టు మీద కూసున్న కొద్దిమందే అని 1956ల 'ది పవర్ ఎలీట్' అనే పుస్తకంల రాసిండు. 45 ఏండ్లకే 1962ల గుండెపోటుతోని పోయిండు.

మిల్స్ 1959ల రాసిన 'ది సోషియలాజికల్ ఇమాజినేషన్'ల ఒక ముచ్చట ఉన్నది. ఒక్క మనిషికి వచ్చిన కష్టం వేరు, సమాజానికి వచ్చిన సమస్య వేరు. కని చానాసార్లు మనం రెండోదాన్ని మొదటిదనుకొని మన తలకాయ మనమే కొట్టుకుంటం. గీ రెంటికీ నడుమ తీగను పట్టుకొని లాగుడే సమాజం సదివినోని పని.

మన నల్గొండను తీసుకోండ్రి. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఊర్లల్ల కాళ్లు వంకర్లు వోయినోళ్లు, నడుం వంగినోళ్లు, చిన్నప్పట్నుంచే పండ్లు పచ్చవడ్డోళ్లు. ఒక్క ఇంట్ల చూస్తే, మా రాత ఇంతే అంటరు. పక్కింట్ల చూస్తే వాళ్లదీ గదే రాత. ఊరూరంత గదే రాత ఉంటదా? అది రాత కాదు, నీళ్లల్ల ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మనోళ్లు ఏండ్లకేండ్లు దానికి ఎన్నోంతల ఎక్కువ తాగిన్రు. ఫ్లోరైడ్ తీసేసేటందుకు నాగపూర్ల ఉన్న నీరి సంస్థోళ్లు కనిపెట్టిన పద్ధతికి ప్రపంచంల పేరే నల్గొండ టెక్నిక్. పద్ధతికి మన జిల్లా పేరొచ్చింది గని, మన జనానికి మంచినీళ్లు రాలే. అప్పుడు జనమేం జేసిన్రు? జల సాధన సమితి పిలుపు మీద 1996 పార్లమెంటు ఎన్నికలల్ల నల్గొండ సీటుకు కుప్పలు కుప్పలుగ నామినేషన్లు వేసిన్రు. బరిల మిగిలినోళ్లే 480 మంది. బ్యాలెట్ కాగితం పుస్తకం అయింది. ఎన్నికనే వాయిదా వెయ్యాల్సొచ్చింది.

మిల్స్ పుస్తకం సదివి గా నామినేషన్లు వెయ్యలే వాళ్లు. కని మిల్స్ చెప్పింది వాళ్లు చేసి చూపించిన్రు. నా కాళ్ల నొప్పి అన్నదాన్ని మా జిల్లా నీళ్ల లెక్క అన్నదాంక తీసుకపోయిన్రు. అందుకే నేనంటున్న, ఈ విద్య మనకు పరాయిది కాదు.

ఎసొంటి పుస్తకాలకు ఇచ్చిన్రు?

మూడు చెప్త. మూడింట్ల ఎవల గురించి రాసిన్రో చూడుండ్రి.

ఒకటి, ఎలియట్ లీబో రాసిన 'ట్యాలీస్ కార్నర్', 1967. వాషింగ్టన్ పట్నంల ఒక గల్లీ మూల మీద నిలబడే నల్లజాతి మొగోళ్ల మీద రాసిండు. పుస్తకంల ఒక సంగతి మన అడ్డా కూలీలను చూసినట్టే ఉంటది. పొద్దుగాల ఒక ట్రక్కోడు వచ్చి పనికి వస్తరా అని అడుగుతడు. చానమంది తలకాయ అడ్డం ఊపుతరు. ట్రక్కోడు, వీళ్లకు పని చేసే బుద్ధి లేదు, సోమరులు అనుకొని పోతడు. లీబో మాత్రం గాన్నే నిలబడి ఒక్కొక్కన్ని అర్సుకుంటడు. ఒకనికి ఆల్రెడీ పని ఉన్నది, గని అది సాయంత్రం షిఫ్టు. ఒకనికి ఇయ్యాల సెలవు. ఒకనికి పాణం బాగలేదు. ట్రక్కోనికి కనవడ్డది సోమరితనం, నిలబడి అడిగినోనికి కనవడ్డది లోకం. మన కాడ గూడ ఉపాధి హామీ వచ్చినంక కూలోళ్లకు బద్ధకం పెరిగింది అనే మాట ఎన్నిసార్లు ఇనలే? గా మాట అన్నోడు ట్రక్కుల కూసున్నోడా, మూల మీద నిలబడ్డోడా అని అడుగుండ్రి.

రెండు, ఫ్రాన్సెస్ ఫాక్స్ పివెన్, రిచర్డ్ క్లోవార్డ్ కలిసి 1971ల రాసిన 'రెగ్యులేటింగ్ ద పూర్'. సర్కారు పేదోళ్లకు సాయం ఎప్పుడు పెంచుతది, ఎప్పుడు కోస్తది? వీళ్లు చరిత్ర తిరగేసి చెప్పిన జవాబు ఏందంటే, పేదోళ్లు కొట్లాటకు దిగినప్పుడు సాయం పెరుగుతది. సల్లవడంగనే కోత పడ్తది, షరతులు పెరుగుతయి, తక్కువ కూలికైనా పనికి పొయ్యేటట్టు చేస్తరు. సాయం అంటే దయ కాదు, లెక్క. పివెన్ తర్వాత ఇదే సంఘానికి అధ్యక్షురాలు గూడ అయింది.

మూడు, మిచెల్ డునియర్ 1999ల తెచ్చిన 'సైడ్‌వాక్'. న్యూయార్క్‌ల ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, పత్రికలు అమ్ముకునేటోళ్ల మీద రాసిండు. ఆ పుస్తకం చివర్ల మాట రాసింది ప్రొఫెసర్ కాదు, గా ఫుట్‌పాత్ మీద పుస్తకాలమ్మిన హకీం హసన్. ఎవల గురించి రాసిండో వాళ్లకే కలం ఇచ్చిండు.

నిచ్చెన మీద ఎవలుంటే వాళ్ల మాటే నిజమా?

1966ల ఈ సంఘానికి హోవర్డ్ బెకర్ అధ్యక్షుడు. జాజ్ పియానో వాయించుకుంట సదువుకున్నోడు. అధ్యక్షుని హోదాల ఆయన చేసిన ఉపన్యాసం మరుసటేడు 'సోషల్ ప్రాబ్లమ్స్' పత్రికల అచ్చయింది. ఇప్పటికీ సదువుతున్నరు. దాని సారం నా మాటలల్ల చెప్త.

ప్రతి వ్యవస్థల ఒక నిచ్చెన ఉంటది. పైమెట్టు మీద ఉన్నోని మాటకు మనం అడగకుండనే ఎక్కువ నమ్మకం ఇస్తం. దవాఖానల పెద్ద డాక్టరు మాట, జైల్ల జైలరు మాట, బడిల హెడ్మాస్టరు మాట. రోగిది, ఖైదీది, పోరనిది ఫిర్యాదు అనిపిస్తది. పైవాని మాట రాసుకొస్తే ఎవలూ నిన్ను పక్షపాతి అనరు. కిందివాని మాట రాసుకొస్తే అప్పుడు లేస్తరు, నువ్వు ఒక దిక్కే చూసినవ్ అని. పక్షం లేకుండ రాసుడు కుదరదు కాబట్టి, అడగాల్సిన సవాలు పక్షం ఉన్నదా లేదా అన్నది కాదు, ఎవల పక్షం అన్నది.

పక్షం ఉన్నదని ఇష్టమొచ్చింది రాయమని కాదు. పక్షం ఉన్నా సాక్ష్యం కచ్చితంగ ఉండాలె, నీకు నచ్చని సంగతి కనవడితే అది గూడ రాయాలె అన్నది ఆయన షరతు. మన సోషల్ మీడియాల రాసే తమ్ముళ్లు మొదటి సగం పట్టుకుంటరు, రెండో సగం ఇడిసిపెడ్తరు. రెండు సగాలు కలిస్తేనే దానికి బలం.

మిగతా అవార్డులు

సంఘం పెట్టిన దంపతుల పేరు మీద లీ ఫౌండర్స్ అవార్డు ఉన్నది. సదువు, పోరాటం రెండూ కలిపి జీవితకాలం నడిచినోళ్లకు ఇస్తరు.

థామస్ సి. హుడ్ సోషల్ యాక్షన్ అవార్డు నాకు అన్నిటికన్న నచ్చినది. ఇది ప్రొఫెసర్లకు కాదు. ఆ ఏడు ఏ పట్నంల సభ పెడ్తరో, గా పట్నం చుట్టుపక్కల జనం కోసం పనిజేసే ఒక సంస్థకు ఇస్తరు. పేరు మోసిన పెద్ద సంస్థల కన్న చిన్న స్థానిక సంస్థల దిక్కే మొగ్గు. మీ ఊరికొచ్చి సభ పెట్టి, మీ హోటళ్లల్ల తిని, మీ సమస్యల మీద మాట్లాడుకొని పోతున్నప్పుడు, గాన్నే ఉండి గా సమస్యలతోని కొట్లాడేటోళ్లకు దండం పెట్టి పోవాలె అన్న మర్యాద అది.

బెత్ బి. హెస్ స్కాలర్‌షిప్ ఉన్నది. అమెరికాల కమ్యూనిటీ కాలేజీ అంటే తక్కువ ఫీజుతోని, పనిజేసుకుంట సదువుకునేటోళ్లు పొయ్యే రెండేండ్ల కాలేజీ. అసొంటి కాలేజీల సదువు మొదలుపెట్టి సమాజ శాస్త్రంల పీహెచ్‌డీ దాంక వచ్చినోళ్లకు ఇది ఇస్తరు. సమాజ శాస్త్రంల మహిళల సంఘంతోని ఈ సంఘం చెయ్యి కలిపి ఇచ్చేది. చిన్న కాలేజీల మొదలైనందుకు తలొంచుకునుడు కాదు, గదే అర్హత.

జాతి వివక్షకు గురైన మైనారిటీల విద్యార్థుల కోసం పెట్టిన ఫెలోషిప్ ఒకటున్నది. సంఘంల పేదరికం, కార్మికులు, పర్యావరణం, ఆరోగ్యం, చదువు, నేరం, చట్టం అని ఇరవైకి పైగ విభాగాలున్నయి. విభాగాలు విద్యార్థుల వ్యాసాలకు పోటీ పెడ్తయి. వ్యవస్థల తీరును కిందినుంచి చూసే పద్ధతిని నేర్పిన డొరొతీ స్మిత్ పేరు మీద పోరాడే పరిశోధకులకు ఒక అవార్డు ఉన్నది. ఉద్యోగం లేని, సగం ఉద్యోగంతోని బతికే పరిశోధకులు సభకు వచ్చేటందుకు ఖర్చులు ఇచ్చే నిధి గూడ ఉన్నది.

లోపాలు లేవా? ఉన్నయి. భాష ఇంగ్లీషు, ఖర్చు డాలర్లల్ల, పోవాలంటే వీసా. ఫుట్‌పాత్ మీది మనిషి మీద రాసిన పుస్తకానికి అవార్డు ప్రొఫెసర్‌కే వస్తది. అక్కడ పీజీ, పీహెచ్‌డీ చేస్తున్న మన తెలుగు పిల్లలు మాత్రం ఈ ప్రకటనల మీద కన్నేసి పెట్టుకోవాలె. దేనికి ఎవలు అర్హులో ఆ ఏటి నియమాలల్ల చూసుకోవాలె.

మరి ఊర్ల ఉన్నోళ్లం మనమేం జెయ్యాలె?

మొదటిది, దొంగ అవార్డును గుర్తుపట్టుండ్రి. మీకు గౌరవ డాక్టరేట్ వచ్చింది, ఇన్ని వేలు కట్టి వచ్చి తీసుకోండ్రి అని ఫోన్ వస్తే అది అవార్డు కాదు, అంగడి. దొంగ యూనివర్సిటీల పేర్లు యూజీసీనే బయట పెడ్తది, చూసుకోండ్రి. సంఘానికి సభ్యత్వ రుసుము కట్టుడు వేరు, గెలిచినవ్ గని పైసలు కట్టు అనుడు వేరు. అవార్డు అన్నోళ్లను మూడు మాటలు అడుగుండ్రి. ఎవలు ఎంచిన్రు? దేన్ని చూసి ఎంచిన్రు? ఇంతకుముందు ఎవలికిచ్చిన్రు? జవాబు లేకుంటే శాలువ వాళ్లకే కప్పి రాండ్రి.

రెండోది, సర్వేకు వచ్చేటోళ్లను అడిగే హక్కు మనకున్నది. మా దిక్కు ఒకసారి ఒక సంస్థ తరఫున పిల్లలు ఫారాలు పట్టుకొని వచ్చిన్రు. అప్పులెన్ని, బోర్లెన్ని, ఎంత పంట, ఎంత వడ్డీ అని ఇల్లిల్లు తిరిగి అడిగిన్రు. ఒక అవ్వ కొడుకు ఎట్ల పోయిండో చెప్పుకుంట ఏడ్చింది. వాళ్లు రాసుకొని పోయిన్రు. నివేదిక ఎక్కడ అచ్చయిందో, దాంట్ల ఏమున్నదో మల్ల వచ్చి చెప్పినోడు లేడు. గా అవ్వ ఇచ్చింది సమాచారం కాదు, ఆమె బతుకు. ఇప్పుడు మా దిక్కు ఎవలన్న వస్తే మేం ముందుగాల్నే ఒక మాట తీసుకుంటున్నం, రాసింది తెలుగుల మా గ్రామసభల సదివి ఇనిపించాలె అని. ఒప్పుకున్నోళ్లతోని కూసొని మాట్లాడుతున్నం.

మూడోది, మనమే రాయాలె. ఎస్.ఎస్.ఎస్.పి. 2004ల మొదలుపెట్టి 'అజెండా ఫర్ సోషల్ జస్టిస్' అని పుస్తకాలు తెస్తున్నది. దాంట్ల వ్యాసాలకు మూడు భాగాలు. సమస్య ఏంది, దానికి సాక్ష్యం ఏంది, ఏం జేస్తే పోతది. ఇది నేర్చుకునేటందుకు పీహెచ్‌డీ అక్కర లేదు. నేను కాలేజీల నేర్చుకున్నది తక్కువ, నిజనిర్ధారణ కమిటీలతోని తిరిగి నివేదికలు రాసి నేర్చుకున్నదే ఎక్కువ. మీ ఊరి బడిల టీచర్లెందరు, పోస్టులెన్ని? సమాచార హక్కు దరఖాస్తు పెట్టి లెక్క తెండ్రి. మీ ఊరినుంచి గల్ఫ్‌కు పోయినోళ్లెందరు, ఏజెంటుకు ఎంత కట్టిన్రు, ఆ అప్పుకు వడ్డీ ఎంత? ఇల్లిల్లు తిరిగి రాయుండ్రి. తారీఖు వెయ్యుండ్రి. ఎవలు చెప్పిన్రో వాళ్లకు సదివి ఇనిపించి, వాళ్లు ఒద్దన్న పేర్లు తీసెయ్యుండ్రి. నాలుగు పేజీలు చాలు.

పెద్ద సదువులు సదువుదామనుకునేటోళ్లకు మన దేశంల గూడ తొవ్వలున్నయి. 1969ల పెట్టిన ఐసీఎస్ఎస్ఆర్ సమాజ శాస్త్రాల పరిశోధనకు ఫెలోషిప్‌లు ఇస్తది. దాని దక్షిణ ప్రాంత కేంద్రం మన ఉస్మానియా క్యాంపస్‌లనే ఉన్నది. జేఆర్ఎఫ్ ఉన్నది. ఈ ప్రకటనలు గూడ నోటిఫికేషన్లే తమ్ముడూ, గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే కండ్లతోనే వీటిని గూడ చూడు.

ఇగ మన యూనివర్సిటీలకు, సంఘాలకు ఒక మాట. వరంగల్ల, మహబూబ్‌నగర్ల, కరీంనగర్ల రైతుల మీద, వలసల మీద, ఆడోళ్ల మీద సెమినార్లు పెడ్తరు. వచ్చిన అతిథికి శాలువ కప్పుతరు. హుడ్ అవార్డు అసొంటిది మనం ఎందుకు పెట్టుకోవద్దు? సెమినార్ పెట్టిన జిల్లాల నీళ్ల కోసమో, బీడీ కార్మికుల కూలి కోసమో, పోడు పట్టాల కోసమో కొట్లాడే ఒక చిన్న సంఘాన్ని ఏటా ఎంచి, ఎందుకు ఎంచినమో రాతల చెప్పి, స్టేజీ మీద మైకు వాళ్లకియ్యుండ్రి. శాలువకు పెట్టే ఖర్చు కన్న ఎక్కువ కాదు. వాళ్లు మైకు పట్టుకొని ఏం మాట్లాడుతరో గది కూసొని రాసుకుంటే, వచ్చే ఏటి సెమినార్‌కు అంశం అదే దొరుకుతది.